ఆరుగురి మీద పడ్డ కామా

మన ఇల్లు, కిటికీ పక్క బల్ల
జూన్ 6

అమ్మాయికి,

నీ ఉత్తరం చేరింది. క్షేమమని మొదటి వాక్యంలోనే రాసినందుకు సంతోషం. మిగతాది నిదానంగా చదువుకున్నాను. పని సీసాల ఫ్యాక్టరీలో. రోజూ పెద్దాఫీసుకి ఇంగ్లీషులో రిపోర్టులు రాయాలి. ఉండేది మూడో అంతస్తులో, గదిలో నీతోపాటు ఇంకొకామె. ఆ ఇంకొకామె ఎవరో, ఏం పని చేస్తుందో, గురక పెడుతుందో లేదో రాయలేదు. రాయి.

ఇక మన ఒప్పందం. ప్రతి ఉత్తరం చివరా ఒక పేరా ఇంగ్లీషులో రాస్తానన్నావు, రాశావు. పదకొండు వాక్యాలు, ఇరవై ఆరు కామాలు. అందులో కావలసినవి తొమ్మిది. మిగతా పదిహేడూ ఎందుకొచ్చి కూర్చున్నాయో వాటికే తెలియాలి. "My room, is on the third floor" అని రాశావు. కర్తకీ క్రియకీ మధ్య కామా పెట్టడమంటే, కొత్తగా పెళ్లయిన జంట మధ్య మేనత్త కూర్చున్నట్టు. లేపి పంపించేశాను.

ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని. సొంత మనవరాలు ఇలా రాస్తే ఊరుకుంటాననుకున్నావా? నోటుబుక్కులో నీకో పేజీ తెరిచాను. ఈ వారం తప్పులు: పదిహేడు.

ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యకూడదా అన్నావు. ఆదివారాలు చెయ్యి. కానీ ఫోనులో కామాలు వినపడవు.

ఎర్రసిరాతో దిద్దిన పేరా దీంతో పంపుతున్నాను. పీల్చే మందు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

మీ అమ్మమ్మ


ఫ్యాక్టరీ వెనక వీధి, మూడో అంతస్తు
జూన్ 15

అమ్మమ్మా,

మేనత్తని లేపి పంపించావా! ఆఫీసులో ఈ మాట చెబితే అందరూ పడీపడీ నవ్వారు. అప్పుడే నాకు పేరు కూడా పెట్టేశారు. కామాక్షి. మా సూపర్‌వైజర్‌గారు కూడా "కామాక్షమ్మా, ఆ రిపోర్టు ఇలా ఇవ్వు" అంటున్నారు. నా అసలు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు.

గదిలో ఉండేది అక్క. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. గురక లేదు, కానీ నిద్రలో "పగులు, పగులు" అని కలవరిస్తుంది. ఆమె చెకరు. మందు సీసాలు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. బెల్టు పక్కన ఆరు బల్లలు, ఆరుగురు ఆడవాళ్లు. ఒక్కొక్కరి ముందూ వెనకనుంచి లైటు వెలిగే తెల్లటి పలక. సీసా ఆ వెలుగు ముందునుంచి వెళ్లేటప్పుడు పగులుంటే చూసి తీసి పక్కన పడెయ్యాలి. షిఫ్టు అయ్యాక "అన్నీ చూశాం" అని కాగితం మీద సంతకం పెట్టాలి. నేను అరగంట కూర్చుని చూశాను, అన్నీ ఒకేలా కనిపించాయి. అక్క నవ్వి "నీకు కామాలు కనపడవు, నాకు పగుళ్లు కనపడతాయి, ఎవరి కళ్లు వాళ్లవి" అంది.

పోయినవారం నాకు కాస్త ఆయాసం వచ్చింది. కంగారుపడకు, తగ్గిపోయింది. రెండు పూటలా అక్కే నీళ్లు కాచి ఆవిరి పట్టించింది. నేను దుప్పటి తియ్యబోతే నెత్తిన ఒక్కటి ఇచ్చింది, అచ్చం నీలాగే.

ఇరవై ఆరు కామాల సంగతంటావా, మూడంతస్తులు ఎక్కొచ్చి వెంటనే రాశాను. ఈసారి కూర్చుని, నీళ్లు తాగి రాశాను. లెక్కపెట్టుకో.

నీ కామాక్షి


మన ఇల్లు, కిటికీ పక్క బల్ల
జూన్ 24

కామాక్షమ్మకి,

ఆ పేరు పెట్టినవాళ్లకి తెలివి ఉంది. నాకు ముందే తోచనందుకు చిన్నతనంగా ఉంది.

ఈసారి తప్పులు తొమ్మిది. నువ్వు సగానికి సగం తగ్గాయని సంబరపడతావని తెలుసు. పదిహేడులో సగం ఎనిమిదిన్నర. ఇంకా అరకామా బాకీ.

నీకు ఆవిరి పట్టిన ఆ అక్కకి నా నమస్కారాలు చెప్పు. నెత్తిన ఒక్కటే ఇచ్చిందా? నేనైతే రెండిచ్చేదాన్ని.

మీ అమ్మ నీకోసం స్వెటరు అల్లుతోంది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నేనేమీ అనలేదు. నువ్వూ అనకు.

మీ అమ్మమ్మ


మూడో అంతస్తు
జూలై 20

అమ్మమ్మా,

నెలరోజులుగా రాయలేదు, క్షమించు. పని ఎక్కువగా ఉంది. ఒంట్లో బాగానే ఉంది.

ఈసారి ఇంగ్లీషు పేరా లేదు. తీరిక లేదు. ఒక్క సందేహం. నాది కాదు, ఆఫీసులో ఒక స్నేహితురాలిది. వాక్యం మధ్యలో who వస్తుంది కదా. దానికి ముందు కామా పెడితే ఒక అర్థం, పెట్టకపోతే ఇంకో అర్థం వస్తుందా? లేకపోతే చదివేవాళ్లకి కాస్త ఆగడానికి మాత్రమేనా?

వెంటనే రాయి. వీలైతే ఈ వారంలోనే.

నీ మనవరాలు


మన ఇల్లు, కిటికీ పక్క బల్ల
జూలై 24

అమ్మాయికి,

వస్తుంది. పూర్తిగా వేరే అర్థం వస్తుంది. నీ స్నేహితురాలికి ఇలా చెప్పు.

"My granddaughter, who works in a bottle factory, has not sent her paragraph." నాకు మనవరాలు ఒక్కతే. సీసాల ఫ్యాక్టరీ మాట తీసేసినా నేను ఎవరి గురించి అంటున్నానో వీధిలో అందరికీ తెలుసు. అది పక్కన చెప్పిన మాట. అందుకే అటూ ఇటూ కామాలు.

"The girls who did their homework may go home." ఇక్కడ కామాలు లేవు. హోంవర్కు చేసినవాళ్లు వెళ్లొచ్చు, చెయ్యనివాళ్లు కూర్చోవాలి. ఇందులో girls తర్వాత ఒక కామా, homework తర్వాత ఒక కామా పెట్టి చూడు. పిల్లలందరూ హోంవర్కు చేసేశారు, అందరూ ఇంటికి పోవచ్చు అని అర్థం. క్లాసు ఖాళీ. కామా లేకపోతే కొందరు, కామా ఉంటే అందరూ. ఇంతే.

నీ స్నేహితురాలి సంగతి అయింది. ఇప్పుడు నీ సంగతి. నెల తర్వాత వచ్చిన ఉత్తరం పదమూడు వరసలు. అక్క మాట లేదు. ఆఫీసు కబుర్లు లేవు. స్వెటరు చేతుల మీద ఒక్క ఎగతాళి లేదు. కింద కామాక్షి అని కూడా లేదు. నేను తప్పులు లెక్కపెట్టేదాన్ని, నిజమే. లేనివాటిని కూడా లెక్కపెడతాను. ఏం జరిగింది?

మీ అమ్మమ్మ


మూడో అంతస్తు
జూలై 30

అమ్మమ్మా,

స్నేహితురాలు లేదు. నేనే.

ఈ నెల మొదట్లో పగిలిన సీసాలు మూడు పెట్టెలు బయటికి వెళ్లిపోయాయి. కొన్నవాళ్లు తిప్పి పంపించారు. ఆరోజు షిఫ్టులో ఆరుగురూ సంతకాలు పెట్టారు కానీ, ఇద్దరు మాత్రం చూడకుండా పెట్టారు. చూడకుండా పెట్టినవాళ్లని తీసెయ్యొచ్చని పెద్దాఫీసుకి రాయమని సూపర్‌వైజర్‌గారు చెప్పారు. నేను రాశాను. ఇదిగో, అక్షరం పొల్లుపోకుండా:

"The checkers, who signed the sheet without checking, may be removed."

ఆయన చదవకుండానే సంతకం పెట్టారు. పద్దెనిమిదో తారీఖున ఆర్డరు వచ్చింది. మీ రిపోర్టు ప్రకారం చెకర్లు అందరూ చూడకుండా సంతకం చేశారు కాబట్టి ఆరుగురినీ తీసేస్తున్నాం అని. ఆరుగురినీ, అమ్మమ్మా! ఇప్పుడు బెల్టు దగ్గర అంతా కొత్తవాళ్లు. అక్క పొద్దున్నే లేచి జడ వేసుకుని, వెళ్లడానికి ఎక్కడా లేక మళ్లీ మంచం మీద కూర్చుంటోంది. ఇదంతా నా రెండు కామాల వల్లేనని ఆమెకి తెలియదు.

నీ ఉత్తరం చదివాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నీమీదే. "ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అక్కడ కామా పెట్టు" అని నాకు నేర్పింది ఎవరు? నా ఏడేళ్లప్పుడు నీ పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, నువ్వే కదా? నేను ఇప్పటికీ అలాగే రాస్తున్నాను. ఆ వాక్యం రాసేటప్పుడు checkers దగ్గర ఆగాను, checking దగ్గర ఆగాను. పెట్టేశాను. అప్పుడు అది రూల్ అన్నావు, ఇప్పుడు క్లాసు ఖాళీ అంటున్నావు. ఏది నిజం?

నీ మనవరాలు


మన ఇల్లు
ఆగస్టు 3

తల్లీ,

"నేను అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు" అని మొదలుపెట్టి నిన్న ఒక ఉత్తరం రాశాను. రెండు పేజీలు. మొదటి వాక్యమే అబద్ధం కాబట్టి చింపేశాను.

చెప్పాను. నీకొక్కదానికే చెప్పాను. బడిలో ఏ పిల్లకీ చెప్పలేదు.

ఆ ఏడాది నీకు ఆయాసం బాగా ఎక్కువగా ఉండేది. చదవడం మొదలుపెడితే ఆగేదానివి కాదు. పేజీ అంతా ఒక్క గుక్కలో చదవాలని పట్టుదల. నాలుగో వరస దగ్గర పెదాలు నీలంగా తిరిగేవి. "ఆగి చదవమ్మా" అంటే వినవు, "డాక్టరు చెప్పాడు" అంటే వినవు. కానీ "రూల్" అంటే మాత్రం వినేదానివి. ఆ వయసులో నీకు రూళ్లంటే ఎంత గౌరవమో! అందుకని చెప్పాను, ఊపిరి తీసుకున్న చోట కామా, కామా దగ్గర ఊపిరి, ఇది ఇంగ్లీషు రూల్ అని. నువ్వు నమ్మావు. పుస్తకంలో లేని కామాలు కూడా పెన్సిలుతో పెట్టుకుని ఆగి చదివావు. నీలం రంగు పోయింది.

అది వ్యాకరణం కాదు, మందు. మందు ఎప్పుడు మానెయ్యాలో చెప్పాల్సింది నేనే. నువ్వు ఇంకో ఊళ్లో చదువుకున్నావు, who పాఠం అక్కడ చెప్పే ఉంటారనుకున్నాను. జూన్ నుంచి నీ కామాలన్నీ లెక్కపెడుతున్నాను, అవి ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం నన్ను నేను అడగలేదు. నోటుబుక్కులో నీ పేజీ కొట్టేసి, ఆ తప్పులన్నీ నా పేర రాసుకున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ వాక్యం తప్పుగా రాశానని పెద్దాఫీసుకి రాయి. ఎవరు నేర్పారని అడిగితే నన్ను చూపించు. రిటైరైన ఇంగ్లీషు టీచరు అని కూడా చెప్పు, సిగ్గుపడాల్సింది నేను.

ఒక్క సంగతి. నీ ఉత్తరంలో లెక్క కుదరలేదు. ఆరుగురు సంతకం పెట్టారు, ఇద్దరు చూడలేదు. ఆ ఇద్దరూ ఎవరు? చూడడమే పనైనవాళ్లు ఆరోజు ఎందుకు చూడలేదు? నిద్రలో కూడా పగుళ్లు వెతికే మనుషులున్న చోట ఇది నాకు మింగుడుపడడం లేదు.

మీ అమ్మమ్మ


మూడో అంతస్తు
ఆగస్టు 8

అమ్మమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం ఎటు పోయిందో తెలియదు. నా పెదాలు నీలంగా అయ్యేవని నాకెవరూ చెప్పలేదు.

నువ్వు అడుగుతావని తెలుసు. అయినా రాయకుండా దాచాను.

ఆ ఇద్దరిలో ఒకరు అక్క.

ఆరోజు అక్క బల్ల దగ్గరా, పక్క బల్ల దగ్గరా పలక వెనక లైటు పోయింది. మధ్యాహ్నం రెండింటికే వెళ్లి సూపర్‌వైజర్‌గారికి చెప్పారు. బెల్టు ఆపితే లోడు ఆలస్యమవుతుందని ఆయన ఆపలేదు. "ఇవాళ్టికి సంతకం పెట్టెయ్యండమ్మా, రేపు వేయిస్తాను" అన్నారు. వెలుగు లేకపోతే దేవుడికి కూడా పగులు కనపడదు. ఇద్దరూ పెట్టేశారు. వాళ్లు చెప్పేటప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, నా బల్ల ఆయన బల్ల పక్కనే.

రిపోర్టు రాసేటప్పుడు లైటు సంగతి రాయబోయాను. ఆయన "అదంతా పెద్దాఫీసుకి అనవసరం కామాక్షమ్మా" అన్నారు. సరేనన్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సెప్టెంబరులో ఖాయం చెయ్యాలా వద్దా అని రాసేది ఆయనే.

ఆర్డరు వచ్చాక కామా తప్పని ఆయనకి చెప్పాను. మొహం పాలిపోయింది. "ఇప్పుడు దాన్ని కదపకు, కదిపితే ఇంకేవేవో బయటికొస్తాయి" అన్నారు. నేను మళ్లీ సరేనన్నాను.

ఇప్పుడు కామాలు తీసి రాస్తే నలుగురు వెనక్కి వస్తారు, అక్క రాదు. నాకు ఆవిరి పట్టిన చేతిని నా చేత్తోనే చూపించినట్టవుతుంది. లైటు సంగతి రాస్తే ఆయన ఊరుకోరు, నా ఉద్యోగం పోతుంది.

నీ లెక్క సరిచేసుకో అమ్మమ్మా. కామా నీ తప్పు. లైటు నాది.

నీ మనవరాలు


మన ఇల్లు
ఆగస్టు 11

తల్లీ,

కామాలు లేకుండా రాయి.

ఒక వాక్యంలో ఒక్క సంగతి. మధ్యాహ్నం రెండింటికి రెండు లైట్లు పోయాయి. ఫుల్‌స్టాప్. ఇద్దరు చెకర్లు ఆ సంగతి చెప్పారు. ఫుల్‌స్టాప్. బెల్టు ఆపలేదు. ఫుల్‌స్టాప్. సంతకం పెట్టమన్నారు. పెట్టారు. నలుగురు లైటు వెలుగులో చూసే పెట్టారు. నేను ఇదంతా విన్నాను. రాయలేదు. ఆ ఆఖరి రెండూ మర్చిపోకు. అవి లేకపోతే మిగతావాటిని ఎవరూ నమ్మరు.

ముందుగా నాకు పంపకు. దిద్దను. ఆ గదిలో ఉన్నదానివి నువ్వు, నేను కాదు.

కాగితం పంపేముందు అక్కకి చెప్పు. ఆమె సంగతి ఆమెకి తెలియకుండా రాయడం మర్యాద కాదు. కామా సంగతీ చెప్పు. కొడితే కొట్టించుకో.

ఉద్యోగం పోతే ఇంటికి రా. నీ గది ఊడ్పించాను. భయపడి రాయలేకపోతే, అప్పుడూ రా. నిన్ను గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలు వేస్తానని అనుకోకు, అన్నం పెట్టాకే వేస్తాను. కానీ తల్లీ, రాసి రా.

మీ అమ్మమ్మ


మూడో అంతస్తు
ఆగస్టు 27

అమ్మమ్మా,

రాశాను. పదకొండు వాక్యాలు. ఒక్క కామా లేదు.

ముందు అక్కకి చెప్పాను. మెట్ల మీద కూర్చుని చెప్పాను, గదిలో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అక్క అంతా వింది. తర్వాత అడిగింది.

"నా పేరు రాశావా?"

"రాశానక్కా."

"చూడకుండా సంతకం పెట్టిందని రాశావా?"

"రాశాను. లైటు పోయిందని కూడా రాశాను. చెప్పావని కూడా."

"మరింకేం? పంపించు. అది నిజమే కదా." రెండు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగింది. "రెండు చుక్కలకి తోకలు తగిలించి ఆరిళ్ల పొయ్యిలు ఆర్పావు కదే పిల్లా! ఆ తోకలు కత్తిరించడానికి ఇన్నాళ్లా?" అంది. కొట్టలేదు. కొట్టుంటే బాగుండుననిపించింది.

వారంలో పెద్దాఫీసునుంచి ఒకావిడ వచ్చింది. కళ్లజోడు, నీలాగే తల పైకెత్తకుండా మాట్లాడుతుంది. ముందు రెండు పలకల దగ్గరికి వెళ్లి స్విచ్చి వేసి చూసింది. అమ్మమ్మా, అప్పటికీ వెలగలేదు. నెలన్నర అయింది! సూపర్‌వైజర్‌గారు గోడవైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడ నన్ను పిలిచి "మొదటి రిపోర్టులో కామాలెందుకు పెట్టావు?" అంది. ఊపిరి కథ మొత్తం చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. "రెండో తప్పుకి ఏ కథ చెబుతావు?" అంది. "దానికి కథ లేదండీ, భయపడ్డాను" అన్నాను.

ఇరవై రెండో తారీఖున ఆరుగురూ వెనక్కి వచ్చారు. అక్కకీ పక్కామెకీ ఒక హెచ్చరిక కాగితం. సూపర్‌వైజర్‌గారిని గోడౌనుకి మార్చారు. నా ఉద్యోగం పోలేదు, ఖాయమూ కాలేదు. ఇంకో ఆరునెలలు చూస్తారట. అంతవరకు రిపోర్టుల బల్ల దగ్గర కాదు, బెల్టు దగ్గర ఏడో చెకరుగా కూర్చోవాలట. ఆవిడ అది శిక్షలాగే చెప్పింది.

నా పలక అక్క పక్కనే. సీసాని చూడకు, వెలుగుని చూడు అంటుంది. వెలుగు ఎక్కడ వంకర తిరిగితే అక్కడ పగులట. మొదటిరోజు నేను వదిలేసినవి పద్నాలుగు, అన్నీ అక్కే పట్టుకుంది. ఇవాళ మూడే.

మిగతా నలుగురిలో ఇద్దరు నాతో మాట్లాడుతున్నారు. ఇద్దరు మాట్లాడడం లేదు. మాట్లాడాలని నేనూ అడగలేదు.

నీ కామాక్షి


మన ఇల్లు, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 31

నా కామాక్షికి,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. దుమ్ము అని చెప్పాను. నమ్మింది.

జూలై పద్దెనిమిది నుంచి ఆగస్టు ఇరవై రెండుకి ముప్ఫై అయిదు రోజులు. ఒక్కొక్కరూ అన్ని రోజులు ఇంట్లో కూర్చున్నారు. రెండు లైట్లకి జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పారు. దాచినందుకు నువ్వు చెప్పావు. కామాకి ఇంకా ఎవరూ చెప్పలేదు. అది నేను చెప్పాలి.

వచ్చే గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మోకాళ్లు, మూడంతస్తులు అని మొదలుపెట్టకు. మధ్యమధ్య ఆగుతూ ఎక్కుతాను. ఆరుగురితోనూ మాట్లాడాలి. అందరినీ ఒకచోట నిలబెట్టి ఒక్కసారే చెప్పేసే పని కాదు. అందరినీ ఒకే మూట కట్టినందుకే కదా ఇదంతా. ఒక్కొక్కరికీ విడిగా చెబుతాను. నీతో మాట్లాడని ఆ ఇద్దరికీ ముందు. వాళ్లు నాతోనూ మాట్లాడకపోవచ్చు. ఫరవాలేదు, చెప్పాల్సింది నేను.

ఆరుగురి పేర్లూ సరైన స్పెల్లింగుతో రాసి పంపు. తప్పు పేరుతో పిలిచి క్షమాపణ అడగలేను. వాళ్లకి భోజనం ఎన్నింటికి వదులుతారో కూడా కనుక్కో. పని మధ్యలో వెళ్లి వాళ్ల కళ్లు వెలుగు మీదనుంచి తిప్పించడం నాకిష్టం లేదు.

మీ అమ్మమ్మ